నహర్-ఎ-సువేజ్: తవ్విన చేతులు, కాపలా కాసిన చేతులు

మా ఉర్దూ మీడియం జుగ్రాఫియా కితాబులో దీని పేరు నహర్-ఎ-సువేజ్. అరబ్బులు ఖనాత్ అస్సువైస్ అంటారు. తెలుగులో సూయజ్ కాలువ. పేరు ఏదైనా పరీక్షలో అడిగే సవాల్ ఒక్కటే: ఎవరు తవ్వించారు? జవాబూ ఒక్కటే: ఫ్రాన్స్ దేశస్థుడు ఫెర్డినాండ్ ద లెసెప్స్, 1869. తవ్వింది ఎవరు అని మాత్రం ఏ పర్చాలోనూ అడగలేదు.

2022 అక్టోబర్ చివర్లో ఆ కాలువలో ఒక పగలంతా సఫర్ చేసే మౌకా దొరికింది. క్రూయిజ్ ఓడలు ఎండాకాలం యూరప్ సముద్రాల్లో తిరిగి, చలికాలానికి దుబాయ్ వైపు వచ్చేస్తాయి. ఒక చోటు ఖాళీ చేసి మరో చోటుకు పోయే ఆ ఒక్క ప్రయాణానికి టికెట్ ధర బాగా తగ్గుతుంది. ఏథెన్స్ రేవులో ఎక్కితే దుబాయ్‌లో దిగడమే. ఓడలో ఎక్కువ మంది రిటైరైన యూరప్ వాళ్లు. వాళ్లకు ఈ కాలువ ఒక ఇంజనీరింగ్ కమాల్. నాకు మాత్రం ఇంకో లెక్క తేల్చుకోవాలని ఉండింది.

ముందురోజు ఓడ పోర్ట్ సయీద్‌లో ఆగింది. చాలామంది బస్సులెక్కి పిరమిడ్లు చూడటానికి కైరో పోయారు. నేను రేవు పక్కనే నడుచుకుంటూ పోయాను. కాలువ మొగదలలో ఒక పెద్ద రాతి పీఠం ఉంది. దాని మీద ఏమీ లేదు. 1899లో అక్కడ లెసెప్స్ విగ్రహం నిలబెట్టారు. ఒక చెయ్యి కాలువ వైపు చాచి, ‘దయచేయండి’ అన్నట్టు ఉండేదట. 1956 డిసెంబర్‌లో పోర్ట్ సయీద్ ప్రజలు దాన్ని పడగొట్టారు. చాలా ఏళ్లు ఎదురుగా ఉన్న పోర్ట్ ఫుఆద్ షిప్‌యార్డ్‌లో పడి ఉన్న ఆ విగ్రహాన్ని 2020లో ఇస్మాయిలియా మ్యూజియానికి తరలించారు. పీఠం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఈ కాలువ కోసం మొదట అనుకున్న విగ్రహం మాత్రం వేరు. బార్తోల్డీ అనే ఫ్రెంచి శిల్పి 1860ల చివర్లో ఈజిప్టు పాలకుడు ఖదీవ్ ఇస్మాయీల్ దగ్గరికి ఒక నమూనా తెచ్చాడు. పల్లెటూరి కిసాన్ ఔరత్, అంటే ఫల్లాహా, తలమీద ముసుగుతో, చేతిలో దివిటీ ఎత్తి పట్టుకుని కాలువ మొగదలలో నిలబడాలి. ఆసియాకు వెలుగు మోసుకెళ్తున్న మిస్ర్ అని దాని భావం. ఖర్చు చూసి ఇస్మాయీల్ వద్దన్నాడు. అదే శిల్పి తరవాత న్యూయార్క్ రేవులో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని నిలబెట్టాడు. ఈజిప్టు రైతు ఆడమనిషికి తన నేల మీద చోటు దొరకలేదు. ముప్పై ఏళ్ల తరవాత ఆ మొగదలలో కంపెనీ యజమాని నిలబడ్డాడు.

మర్నాడు ఫజ్ర్‌కు ముందే ఓడ కదిలింది. కాలువలో ఎవరి ఇష్టానికి వాళ్లు పోవడానికి లేదు. ఓడలన్నీ వరుస కట్టి, ఒకదాని వెనక ఒకటి, గంటకు 14 కిలోమీటర్ల వేగంతో నడవాలి. అంతకు మించితే అలలు గట్టును కోసేస్తాయి. ఓడ నడిపించడానికి ఈజిప్టు పైలట్ వచ్చి కెప్టెన్ పక్కన నిలబడతాడు. మధ్యలో ఇస్మాయిలియా దగ్గర పైలట్ మారతాడు. పనామాలో లాగా నీళ్లతో ఓడను పైకెత్తి దించే తలుపులు ఇక్కడ లేవు. మధ్యధరా సముద్రం, ఎర్ర సముద్రం దాదాపు ఒకే మట్టంలో ఉండటంతో 193 కిలోమీటర్లూ నేరుగా సాగిపోవచ్చు. మేం దక్షిణానికి పోతున్నాం. డెక్ మీద నిలబడి ఓడ ముందుకొస నుంచి చూపు కొద్దిగా ఎడమకు తిప్పితే అదే కిబ్లా. ఫజ్ర్ అక్కడే చదువుకున్నాను.

తెల్లారాక రెండు గట్లూ కనిపించాయి. ఎడమ వైపు సినాయ్, ఇసుక తప్ప ఏమీ లేదు. కుడి వైపు ఖర్జూరం తోటలు, మొక్కజొన్న, గాడిద బండ్లు, మసీదు మీనార్లు. ఈ పచ్చదనం నైల్ నుంచి తెచ్చిన మంచినీటి కాలువ పుణ్యం. ఓడల కాలువ తవ్వాలంటే ముందు కూలీలకు తాగే నీళ్లు కావాలి. అందుకే మంచినీటి కాలువను ముందు తవ్వారు. 1862లో అది ఇస్మాయిలియా దగ్గరికి, 1863లో సువేజ్ దాకా చేరింది. దాన్ని తవ్వింది కూడా అవే చేతులు.

నైల్‌ను ఎర్ర సముద్రంతో కలపడం లెసెప్స్‌కు తట్టిన కొత్త ఆలోచన కాదు. ఫిరౌన్ల కాలం నుంచీ అలాంటి కాలువలు తవ్వారు, పూడిపోయాయి, మళ్లీ తవ్వారు. మన తారీఖ్‌లో దానికి ఒక గొప్ప ఘట్టం ఉంది. హిజ్రీ 18లో మదీనాలో ఘోరమైన కరువొచ్చింది. ఆముర్రమాదా, బూడిద సంవత్సరం అంటారు దాన్ని. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు హుకుం మీద మిస్ర్ గవర్నర్ హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ రజియల్లాహు అన్హు పాత కాలువను మళ్లీ తవ్వించారు. ఫుస్తాత్ దగ్గర నైల్ నుంచి ఎర్ర సముద్రం ఒడ్డున ఖుల్జుమ్ దాకా. ఓడల్లో మిస్ర్ గోధుమలు మదీనా రేవు జార్‌కు చేరాయి. దానికి ఖలీజ్ అమీరుల్ మోమినీన్ అని పేరు. నూరేళ్లకు పైగా నడిచాక అబ్బాసీ ఖలీఫా మన్సూర్ దాన్ని మూయించాడు. మదీనాలో తన మీద బగావత్ లేచింది. ఆ ఊరికి ధాన్యం పోకూడదని. ఆకలి తీర్చడానికి తవ్విన దారిని ఆకలితో లొంగదీయడానికి మూసేశారు. మిగిలిన ముక్క కైరో నడిమధ్య శతాబ్దాలు పారి, 1890ల చివర్లో పూడ్చబడింది. ఇప్పుడు దాని మీద ఉన్న రోడ్డు పేరు పోర్ట్ సయీద్ వీధి.

రెండు సముద్రాలను నేరుగా కలపాలన్న ఆలోచన హారూన్ రషీద్‌కు వచ్చిందని చరిత్రకారుడు మసూదీ రాశాడు. వజీర్ యహ్యా బర్మకీ వద్దన్నాడట. రూమీల ఓడలు ఆ దారిన వచ్చి హరమ్ నుంచే మనుషులను ఎత్తుకుపోతాయని హెచ్చరించాడట. రివాయత్ ఎంత నిజమో గానీ, అందులోని భయం వెయ్యేళ్ల తరవాత పనికొచ్చేదే. ఆ దారి తెరిస్తే దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది?

1854లో మిస్ర్ పాలకుడు సయీద్ పాషా లెసెప్స్‌కు ఇజాజత్ రాసిచ్చాడు. కాలువ తెరిచిన రోజు నుంచి 99 ఏళ్ల హక్కు. 1859 ఏప్రిల్‌లో తవ్వకం మొదలైంది. కంపెనీకి కావలసిన మజ్దూర్లలో అయిదింట నాలుగు వంతులు ఈజిప్టువాళ్లే ఉండాలని, వాళ్లను హుకూమత్ సమకూర్చాలని ఒప్పందం. దాన్ని అరబ్బీలో సుఖ్రా అంటారు. మన ఉర్దూలో బేగార్. తెలంగాణ పల్లెల్లో దీనికి తర్జుమా అక్కర్లేదు: వెట్టి. ఇక్కడ కొంత కూలీ రాసిపెట్టారు. కానీ రానంటే కుదరదు. వెట్టికి ఆయువుపట్టు అదే.

నెలకు దాదాపు 20,000 మంది ఫల్లాహీన్ తవ్వకం దగ్గర ఉండేవారు. ఇంకో 20,000 మంది నైల్ ఊళ్ల నుంచి నడిచి వస్తుండేవారు. మరో 20,000 మంది తిరిగి పోతుండేవారు. అంటే ఏ రోజు చూసినా అరవై వేల మంది పొలాలు వదిలేసి ఈ పనికి కట్టుబడి ఉన్నారు. విత్తనం వేసే రోజులైనా, కోత రోజులైనా అంతే. పార, గడ్డపార కూడా అందరికీ లేవు. తడిమట్టిని చేతులతో తోడి, గంపల్లోనో వీపు మీదో ఎత్తుకుని గట్టు ఎక్కేవారు. పన్నెండో డెక్ మీద, చేతిలో చాయ్ కప్పు పెట్టుకుని ఆ గట్టును చూడటం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఎంతమంది చచ్చిపోయారు? 1956లో జమాల్ అబ్దుల్ నాసర్ తన ప్రసంగంలో 1,20,000 మంది అన్నాడు. కంపెనీ లెక్కలు అంతకంటే చాలా తక్కువ చూపాయి. 1865లో కలరా కూడా వచ్చి చాలామందిని తీసుకుపోయింది. కంపెనీ కొన్న యంత్రాల లెక్క పైసాతో సహా దొరుకుతుంది. పోయిన ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి రెండు పక్షాలు రెండు అంకెలు చెబుతాయి. ఎవరి లెక్క ఒప్పుకున్నా, పేర్ల ఫెహరిస్తు మాత్రం ఎక్కడా లేదు.

ఇంతకంటే చేదు విషయం ఇంకోటి ఉంది. 1863లో గద్దెనెక్కిన ఇస్మాయీల్ ఈ బేగార్ ఆపాలన్నాడు. ఇంగ్లండ్ కూడా అదే అన్నది, తన స్వార్థం తనకుంది గనక. కంపెనీ మాట తప్పారని గోల చేసింది. తీర్పు చెప్పే పని ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌కు అప్పగించారు. 1864లో ఆయన ఫైసలా ఇచ్చాడు. ఈజిప్టు కంపెనీకి మొత్తం 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు కట్టాలి. అందులో 3 కోట్ల 80 లక్షలు కేవలం వెట్టి కూలీలను ఆపినందుకు హర్జానా. తన రైతులను వెట్టి నుంచి విడిపించినందుకు ఒక దేశం పరాయి కంపెనీకి జుర్మానా కట్టింది. అప్పుడు గానీ ఆవిరితో నడిచే డ్రెడ్జర్లు పెద్ద ఎత్తున రాలేదు. మనుషులు ముఫ్త్‌గా దొరికినంత కాలం యంత్రం ఖరీదే.

1869 నవంబర్ 17న కాలువ తెరిచారు. ఫ్రాన్స్ మలికా యూజినీ ఓడ ముందు నడిచింది. విందులు, దీపాలు, బాణసంచా. ఆ ఖర్చూ, అంతకుముందు ఖర్చులూ కలిసి ఇస్మాయీల్ మెడకు కర్జాగా చుట్టుకున్నాయి. 1875లో ఈజిప్టు చేతిలో ఉన్న 1,76,602 షేర్లను బ్రిటన్ ప్రధాని డిస్రేలీ దాదాపు 40 లక్షల పౌండ్లకు కొనేశాడు. రోత్‌షీల్డ్ బ్యాంకు అప్పు ఇచ్చింది. 1880లో లాభాల్లో రావలసిన 15 శాతం హక్కును కూడా ఈజిప్టు అమ్ముకుంది. తన నేల మీద, తన మనుషులు తవ్విన కాలువ నుంచి ఇక పైసా రాదు. 1882లో అహ్మద్ ఉరాబీ పాషా ఎదురు తిరిగితే బ్రిటిష్ ఫౌజు ఈ కాలువలోంచే వచ్చి, ఇస్మాయిలియాలో దిగి, తల్ అల్ కబీర్ దగ్గర ఆయన్ను ఓడించింది. ఆ ఫౌజులో హిందూస్తానీ దళాలు కూడా ఉన్నాయి. ఉరాబీని మన పక్కనున్న సిలోన్‌కు దేశబహిష్కారం చేశారు.

యహ్యా బర్మకీ కత్తి పట్టుకుని వచ్చే రూమీలకు భయపడ్డాడు. వచ్చినవాళ్లు ముందు ఖాతా పుస్తకం పట్టుకుని వచ్చారు. కత్తి తరవాత వచ్చింది.

మధ్యాహ్నానికి ఇస్మాయిలియా దాటాం. తిమ్సా సరస్సు పక్కన జబల్ మర్యమ్ గుట్ట మీద రెండు గ్రానైట్ స్తంభాలు ఆకాశంలోకి లేచి ఉన్నాయి. కింద రెక్కల ఆడబొమ్మలు. మొదటి ప్రపంచయుద్ధంలో కాలువను కాపాడినందుకు 1930లో కట్టిన యాద్గార్ అది. ఓడ లౌడ్‌స్పీకర్లో గైడ్ ‘టర్కీ దాడి నుంచి కాపాడిన మిత్రరాజ్యాల సైనికులు’ అన్నాడు. ఆ సైనికులు ఎవరో చెప్పలేదు. ఇక్కడి నుంచి ఈ కహానీ మన దక్కన్‌కు వస్తుంది.

1914 నవంబర్‌లో ఉస్మానియా ఖిలాఫత్ యుద్ధంలోకి దిగింది. సుల్తాన్ జిహాద్ ఎలాన్ చేశాడు. అదే నెలలో హైదరాబాద్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హిందూస్తాన్ ముస్లింలంతా అంగ్రేజీ హుకూమత్‌కు వఫాదార్లుగా ఉండాలని ఫర్మానా జారీ చేశాడు. ఆయన సొంత రిసాలా, హైదరాబాద్ లాన్సర్స్, అప్పటికే ఓడలెక్కింది. మైసూర్, పటియాలా తదితర సంస్థానాల రిసాలాలతో కలిసి ఈ కాలువ కాపలాకు దిగింది. గోల్కొండ వైపు గుర్రాలు తోలిన మనుషులు సినాయ్ ఇసుకలో గస్తీ తిరిగారు.

1915 ఫిబ్రవరి 2 రాత్రి జమాల్ పాషా ఫౌజు సినాయ్ ఎడారి దాటి వచ్చి, మోసుకొచ్చిన ఇనప పడవలను తూసూమ్, సెరాపియం మధ్య నీళ్లలోకి దించింది. సరిగ్గా మా ఓడ అప్పుడు దాటుతున్న చోటే. కొద్ది పడవలే ఇవతలి ఒడ్డుకు చేరాయి. మూడో తారీఖు తెల్లారేసరికి దాడి విఫలమైంది. పడవల్లో ఉన్నది తుర్కులు, షామ్ అరబ్బులు. గట్టు మీద బందూకులు పట్టుకున్నవాళ్లలో పంజాబీ ముస్లింలు ఉన్నారు, సిక్కులు, హిందువులు ఉన్నారు. ఫిరంగుల దగ్గర ఈజిప్టు సిపాయీలు కూడా ఉన్నారు. రెండు ఒడ్ల మీదా తెల్లవారితే ఒకే కిబ్లాకు తిరిగేవాళ్లు.

దీన్ని గద్దారీ అని తీర్పు చెప్పడం ఇవాళ ఇంట్లో కూర్చున్న మనకు తేలిక. బహాదురీ అని మెడల్ వేయడం అప్పటి దొరలకు తేలిక. సిపాయికి మాత్రం నెల తన్ఖా, నిజాం హుకుం, ఊళ్లో ఎదురుచూసే కుటుంబం. ఫల్లాహ్‌ను హుకుం మీద తవ్వడానికి తోలుకొచ్చారు. సిపాయిని హుకుం మీద కాపలాకు తోలుకొచ్చారు. కాలువ ఇద్దరిదీ కాదు. దాని నఫా ఇద్దరికీ అందలేదు. నిజాంకు మాత్రం యుద్ధం ముగిసే ఏడాది ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ ఖితాబ్ దక్కింది. సిపాయీలకు ఢిల్లీ తీన్ మూర్తి చౌరస్తాలో బొమ్మలు దక్కాయి. అక్కడి మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ రిసాలాలవి. అందులో ఒకరు మనవాళ్లని ఎంతమంది హైదరాబాదీలకు తెలుసు?

తాళంచెవి చివరికి ఇంటికి చేరింది. 1956 జులై 26న అలెగ్జాండ్రియాలో నాసర్ రేడియోలో ప్రసంగించాడు. ‘లెసెప్స్’ అన్న పేరు వినపడగానే కంపెనీ దఫ్తర్లు స్వాధీనం చేసుకోవాలని మహమూద్ యూనుస్ మనుషులకు ముందే ఇషారా ఉంది. నాసర్ ఆ పేరును పదేపదే పలికాడు. తవ్వినవాళ్ల పేర్లను మింగేసిన పేరు ఆ రాత్రి వాళ్ల మనవళ్లకు తాళం తీసిపెట్టింది. విదేశీ పైలట్లు సెప్టెంబర్‌లో పని మానేసి పోయారు, ఈజిప్టువాళ్లు నడపలేరని అందరూ అనుకున్నారు. నడిపారు. అక్టోబర్ చివర్లో ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ దాడి చేశాయి. నవంబర్ 1న ఇక్కడ హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పుడుతున్న వేళ అక్కడ ఈజిప్టు మీద బాంబులు పడుతున్నాయి. ఆ దాడి నిలవలేదు, కాలువ ఈజిప్టుకే మిగిలింది. 2022–23లో దాని ఆమ్దనీ 940 కోట్ల డాలర్లు.

అస్ర్ వేళకు పెద్ద చేదు సరస్సులోకి వచ్చాం. 1967 యుద్ధంలో ఇక్కడ చిక్కుకున్న 14 ఓడలు ఎనిమిదేళ్లు కదల్లేదు. 2021లో గట్టుకు అడ్డం తిరిగి ఆరు రోజులు దునియా బేపారాన్ని ఆపేసిన ‘ఎవర్ గివెన్’ ఓడను కూడా, హర్జానా తేలేదాకా జులై వరకు ఇక్కడే నిలబెట్టారు. దాని మీద ఉన్న 25 మంది నావికులూ హిందూస్తానీలే. ఓడ పేరు చిన్న పిల్లలకు కూడా తెలిసింది. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా?

మగ్రిబ్ ముందు కాలువ కొస, పోర్ట్ తౌఫీఖ్. ఇక్కడ కాలువ పక్కనే 1926లో హిందూస్తానీ సిపాయీల యాద్గార్ కట్టారు. ఈజిప్టు, ఫలస్తీన్‌లలో చనిపోయి, కబరో చితో ఎక్కడో తెలియని దాదాపు 4,000 మంది కోసం. ముందు రెండు రాతి పులులు ఉండేవి. 1967 తరవాత నడిచిన యుద్ధాల్లో అది శిథిలమైంది. 1980లో దాని బదులు కైరో పక్కన హీలియోపోలిస్ సిపాయీల ఖబ్రస్తాన్‌లో ఇంకోటి పెట్టారు. కాలువ దాటే ఓడల వాళ్లకు ఇప్పుడు అది కనిపించదు. ఉత్తరం కొసలో పీఠం ఉంది, మనిషి లేడు. దక్షిణం కొసలో మనుషులు ఉండేవారు, పీఠమే లేదు.

అందుకే ఈ బ్లాగు చదివే ఖాన్‌దాన్‌లకు ఒక గుజారిష్. హైదరాబాద్, తెలంగాణ జిల్లాలు, మరాఠ్వాడా పక్క ఊళ్లు, ఎక్కడైనా సరే. ఇంట్లో పాత సందూక్ ఉంటే తెరవండి. ఒక మెడల్, ఒక డిశ్చార్జి కాగితం, మిస్ర్ నుంచి వచ్చిన ఒక ఖత్, ‘మన పరదాదా సమందర్ దాటి జంగ్‌కు పోయారంట’ అని దాదీ చెప్పిన ఒక్క మాట, ఏదున్నా రాసిపెట్టుకోండి. పేరు, వల్దియత్, ఊరు. రిసాలా పేరు తెలిస్తే అదీ. పిల్లలతోనే రాయించండి. ఫల్లాహీన్ పేర్లు వెతకడం మిస్ర్ వాళ్ల జిమ్మేదారీ. మనవాళ్ల పేర్లు మన జిమ్మే. పేరు తెలిస్తే కదా, చెయ్యెత్తి దువా చేసేటప్పుడు ఎవరి మగ్ఫిరత్ అడుగుతున్నామో మనకు తెలిసేది.